నలభై మూడు ఫోన్లు

గ్యాస్ కట్టేశానా లేదా అని మూడోసారి వంటింట్లోకి వెళ్ళి, కట్టేసే ఉందని కళ్ళారా చూసి, అయినా నమ్మకం కుదరక కోడలికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. “అత్తయ్యా, మీటింగ్‌లో ఉన్నా. నాబ్ నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా?” అంది గుసగుసగా. నేనింకా గ్యాస్ మాట ఎత్తనే లేదు. నా ఊపిరి విని అది ఏ భయమో పోల్చేస్తుంది ఆ పిల్ల. “అడ్డంగానే ఉందమ్మా” అన్నాను. “అయితే కట్టేసినట్టే. కాసిని మంచినీళ్ళు తాగి కూర్చోండి” అంది. ఫోన్ పెట్టేసేలోపు అవతల ఎవరిదో మగగొంతు వినిపించింది. “మేడంగారూ, ముందు ఇల్లు చక్కబెట్టుకుని రండి, తర్వాత ప్రోడక్టు సంగతి చూద్దాం.” వెనకాలే నవ్వులు. ఒకరివి కాదు, గదినిండా.

మంచినీళ్ళు తాగాను గానీ కూర్చోలేకపోయాను. నా సంగతి నాకు తెలియనిది కాదు. లిఫ్టు ఎక్కితే మధ్యలో ఆగిపోతుందేమో, మెట్లెక్కితే కాలు జారుతుందేమో. ఆకాశంలో విమానం కాస్త గట్టిగా మోగితే మా మేడ మీదికే వస్తోందనుకుంటాను. మావాడు నవ్వుతాడు. “మా అమ్మకి కష్టమొస్తే భయం లేదు, ఏ కష్టమూ రాకపోతేనే కంగారు” అంటాడు. అనుకోనీ. భయం నాకు అలవాటైపోయిన చీర లాంటిది, రోజూ కట్టుకుంటాను. కానీ ఆ గదినిండా నవ్వులున్నాయే, అవి నా భయం మీద పడ్డవి కావు. నా భయాన్ని మోస్తున్న పిల్ల మీద పడ్డాయి.

మా కోడలి ఉద్యోగమేమిటో అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నేను చదివింది ఎనిమిదో తరగతి. ప్రోడక్ట్ మేనేజర్ అంటే దుకాణంలో సరుకు సర్దే మనిషనుకున్నాను. “కాదత్తయ్యా, తయారుచేసేవాళ్ళు వేరే, అమ్మేవాళ్ళు వేరే. ఏది తయారుచేయాలో, ఎందుకో తేల్చేది నేను. అంతకన్నా ముఖ్యం, ఏది చేయకూడదో చెప్పేది నేను” అంది. “చేయొద్దని చెప్పడానికీ జీతమిస్తారా? నాకు తెలిసుంటే ఈ పాటికి మేడలు కట్టేదాన్ని” అన్నాను. పడీపడీ నవ్వింది. అదే కంపెనీలో, జనం ఫోన్ చేసి తిట్టే తిట్లు విని రాసుకునే కుర్చీలో చేరిన పిల్ల. ఆ తిట్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, ఏ తిట్టు వెనక ఏ ఇబ్బంది ఉందో విడదీసి, ఆ పుస్తకం పట్టుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అలా ఎక్కింది ఈ మెట్టు. ఇంట్లో అయితే నా మనవరాలి హోంవర్కు పక్కనే తన చదువూ పెట్టుకునేది, కూరగాయల బుట్ట జరిపి. దానికి మావాడన్న మాట, “మాటలు చెప్పే ఉద్యోగం తనది, పనిచేసే ఉద్యోగం నాది.” వాడు సరదాకే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, లేచి, వాడు తాగిన గ్లాసు తీసుకెళ్ళి కడిగింది.

వాళ్ళ కంపెనీ చేసేది బడి బస్సుల యాప్. బస్సు ఎక్కడుందో, పిల్ల దిగిందో లేదో ఫోన్‌లో కనిపిస్తుంది. నాలాంటిదానికి దేవుడిచ్చిన వస్తువు. ఇప్పుడు దాన్నంతటినీ చూసుకునే పెద్ద పదవి ఖాళీ అయింది. గురువారం పదకొండు గంటలకి పైవాళ్ళ ముందు నిలబడి, రాబోయే రెండేళ్ళు ఈ యాప్ ఏ దారిన వెళ్ళాలో చెప్పాలి. నచ్చితే పదవి ఆమెది, లేకపోతే నవ్వినవాళ్ళలో ఒకడిది.

ఆదివారం మధ్యాహ్నం నేను ఆరిన బట్టలు మడతపెడుతుంటే నోటుపుస్తకంతో వచ్చి ఎదురుగా కూర్చుంది. మావాడు సోఫాలో పడుకుని మ్యాచ్ చూస్తున్నాడు. మా బుడ్డిది వాడి పొట్ట మీద కూర్చుని బొమ్మకి జడేస్తోంది.

“అత్తయ్యా, ఓ అరగంట నేను మీ కోడల్ని కాను. కంపెనీ మనిషిని. మీరు మా యాప్ వాడే నాయనమ్మ.”

“కంపెనీ మనిషివైతే నేనే టీ పెట్టి తీసుకురావాలేమో.”

“నిజం చెప్తే చాలు. మీకేమనిపిస్తుందని అడగను. చివరిసారి ఏం జరిగిందో అడుగుతా. మనుషులు చెప్పేదొకటి, చేసేదొకటి ఉంటుంది.”

“మా అమ్మని ఇంటర్వ్యూ చేస్తే ప్రమోషన్ ఇచ్చేస్తారా?” అన్నాడు మావాడు, కళ్ళు టీవీ మీదే పెట్టి.

“నువ్వు మ్యాచ్ చూసుకో నాన్నా” అన్నాను.

అడిగింది. బస్సు బొమ్మ రోజుకి ఎన్నిసార్లు చూస్తారు? చివరిసారి భయమేసింది ఎప్పుడు? “మంగళవారం. బస్సు సందు మలుపు దగ్గర ఆగిపోయింది, బొమ్మ కదల్లేదు.” అప్పుడేం చేశారు? “నీకు ఫోన్ చేశాను.” దానికి ముందు భయమేసినప్పుడు? “నీకే చేశాను.” మా ఆఫీసు పెద్దాయన ఇంకా ఎక్కువ అలర్టులు పెట్టమంటున్నాడు అత్తయ్యా, అయిదు నిమిషాలకోసారి మోగేలా, పెడితే బాగుంటుందా? “బాగుంటుంది కదమ్మా” అన్నాను చటుక్కున. “మంగళవారం ఎన్నిసార్లు మోగింది?” అంది. నాలుగుసార్లు మోగింది. మోగినప్పుడల్లా నా గుండె ఇంకాస్త జారింది. ఆ మాటే చెప్పాను. రాసుకుంది.

“మీ ఫోన్ ఒకసారి చూడొచ్చా?”

ఇచ్చాను. వేలితో పైకి జరుపుతూ లెక్కపెట్టింది. ఆ వారంలో నేను ఆమెకి చేసినవి నలభై మూడు ఫోన్లు. మావాడికి ఒకటి. అదీ నాలుగు సెకన్లు. “అది చెయ్యి తగిలి వెళ్ళిందమ్మా. వెంటనే కట్ చేసేశాను, పనిలో ఉంటాడని.” ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే, అందరినీ అడిగే ప్రశ్న అడిగినట్టు మామూలుగా అడిగింది, “ఆయనకెందుకు చేయరు?”

“వాడు ఆఫీసులో ఉంటాడు కదమ్మా.”

పెన్ను ఆగిపోయింది. ఆమె తల ఎత్తలేదు. మరి నేనెక్కడుంటాను అత్తయ్యా అని అడగొచ్చు. అడగలేదు. నా చేతిలో ఉన్నది ఆమె ఆఫీసుకి కట్టుకెళ్ళే చీరే. దాన్ని సగం మడతలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిది. మావాడికి ఏడాదిన్నర. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేస్తున్నాడు. మాకు ఫోన్ లేదు. పక్కింటివాళ్ళని బతిమాలి మా ఆయన ఆఫీసుకి చేశాను. అక్కడ ఒకటే ఫోన్, హెడ్ క్లర్కు బల్ల మీద. ఆయన వచ్చి తీసుకుని, “కొంప మునిగిందా?” అన్నారు. పిల్లాడికి జ్వరమండీ అన్నాను. “కొంప మునిగితేనే ఇక్కడికి ఫోన్ చెయ్యి” అని పెట్టేశారు. నేను పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి నడిచాను. సాయంత్రం ఇంటికొచ్చి వాడి నుదురు చూడకముందే, “నలుగురిలో నా పరువు తీశావ్” అన్నారు. చెడ్డమనిషి కాదు ఆయన. వాడు కోలుకునేదాకా రోజూ బొమ్మ కొనుక్కొచ్చారు. కానీ ఆఫీసులో ఉన్న మగవాడికి ఫోన్ చేయకూడదని ఆ రోజు నేర్చుకున్నది, ఆయన పోయి ఆరేళ్ళయినా నా వేలికి గుర్తుంది.

కోడలు ఇందులో ఒక్క ముక్కా రాసుకోలేదు. పుస్తకం మూసి, నా చేతిలోని చీర రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి మడతపెట్టాం. టీవీ శబ్దం ఎప్పుడు తగ్గిందో నేను గమనించలేదు.

“ఆ పిల్లాణ్ణి నేనేనా?” అన్నాడు మావాడు.

“ఇంకెవర్రా. నాకు నువ్వు కాక ఇంకో పదిమంది ఉన్నారా?”

వాడు టీవీ కట్టేశాడు. సోమవారం, మంగళవారం, బుధవారం ఆమె రాస్తూనే ఉంది, కొట్టేస్తూనే ఉంది. చివరికి మిగిలింది ఒక్క కాగితం. చదివి వినిపించింది. అలర్టులు పెంచొద్దు. యాప్‌లో పిల్లల పేరు చేర్చే ఫారంలో మొదటి గడిలో ఎవరి నంబరుంటే మోత అంతా వాళ్ళకే వెళ్తోంది, ఆ గడిలో దాదాపు ఎప్పుడూ తల్లి నంబరే. ఇవాళ ఎవరి వంతు అని యాప్ ముందు అడగాలి. “పెద్దాయనకి నచ్చకపోతేనో?” అన్నాను, నా అలవాటు కొద్దీ. “నచ్చకపోవచ్చు అత్తయ్యా. అయినా ఇదే చెప్తా” అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, తను మాత్రం హాయిగా పడుకుంది.

గురువారం పొద్దున చెప్పులేసుకుంటూ, “ఫోన్ సైలెంట్‌లో పెడుతున్నా. మీ నంబరొక్కటే మోగేలా పెట్టుకున్నా. భయమేస్తే చేసెయ్యండి, ఏం పర్లేదు” అంది. పర్లేదనడం ఆమె మంచితనం. తలుపేసుకుని ఫోన్‌ని బీరువాలో పెట్టాను, చెయ్యి దానివైపు వెళ్ళకుండా. మళ్ళీ, ఎవరైనా చేస్తేనో అని బయటికి తీశాను.

పదకొండూ పదికి మోగింది. బడి నుంచి. “పాపకి జ్వరంగా ఉందండీ. తల్లిగారు ఎత్తడం లేదు, రెండో నంబరు మీది ఉంది. తల్లో తండ్రో వచ్చి తీసుకెళ్ళాలి, వేరేవాళ్ళతో పంపం.”

“తండ్రి నంబరు లేదామ్మా అక్కడ?”

“ఆ గడి ఖాళీగా ఉందండీ.”

జ్వరమంటే నాకు ఉత్త జ్వరం కాదు, తేలేసిన కళ్ళు, భుజం మీద వేలాడే తల. వేలు దానంతటదే కోడలి పేరు మీదికి వెళ్ళింది. నొక్కితే మోగుతుంది. ఆ గదిలో, ఆ కాగితం చేతిలో ఉండగా మోగుతుంది. ఆమె ఎత్తుతుంది. ఎత్తకుండా ఉండదు. తర్వాత ఆ నవ్వులు.

వేలు కిందికి జరిపి మావాడి పేరు నొక్కాను. ఆరు రింగుల తర్వాత ఎత్తాడు. “అమ్మా? మళ్ళీ చెయ్యి తగిలిందా? పనిలో ఉన్నానమ్మా” అన్నాడు.

పనిలో ఉన్నాడట. ఉండనీ. “చెయ్యి తగల్లేదు నాన్నా, కావాలనే చేశాను. కొంపేమీ మునగలేదు. నీ కూతురికి జ్వరం. బడికి వెళ్ళి తీసుకురా.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. “ఎంత ఉందట? అమ్మా, నువ్వు కంగారుపడకు. ఏ సెక్షన్ అది?”

“యూకేజీ బి. వెనక గేటు తెరవరు, ముందు నుంచి వెళ్ళు. నీళ్ళసీసా మర్చిపోకు.”

“సరే, సరే, బయల్దేరుతున్నా.” మెట్లు దిగుతున్నాడు, ఆయాసం వినిపిస్తోంది. “తనకి చెప్పావా?”

“చెప్పలేదు” అన్నాను. “తను ఆఫీసులో ఉందిరా.”