కర్ర చివర బంతి

నలభై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించినవాణ్ణి. ఇప్పుడు ఆస్ట్రేలియాలోని మా బెండిగో ఊరి ఈతకొలను గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడతాను. అక్కడ ఈదే టెగన్‌కి చూపు లేదు. గోడ దగ్గరపడగానే, కర్ర చివర కట్టిన టెన్నిస్ బంతితో ఆమె తలమీద తట్టాలి. తట్టగానే మలుపు తిరుగుతుంది. అంతే నా పని.

ఆమెకి నలభై ఒకటి. గజ్జెలున్న బంతికి అడ్డంపడే గోల్‌బాల్‌లో ఒక పారాలింపిక్ పతకం, జంట సైకిల్ పందెంలో వెనక సీట్లో కూర్చుని ఇంకొకటి తెచ్చుకుంది. ఈతలో మూడోది కావాలట.

ఒకరోజు ఎవరో పలకరిస్తే తలతిప్పాను. తట్టడం ఆలస్యమైంది. ఆమె నుదురు గోడకి కొట్టుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి.

పదిహేను రోజులకి మళ్లీ వచ్చింది. నేను కర్ర కింద పడేశాను.

"వేరేవాణ్ణి చూసుకో తల్లీ. నావల్ల కాదు."

"చాల్లే రాస్! గోల్‌బాల్‌లో రెండుసార్లు ముక్కు పగిలింది. బంతి మీద అలిగానా? కర్ర తియ్యి."

"కనీసం గోడ దగ్గర జోరు తగ్గించవే!"

"తగ్గిస్తే ఓడిపోతా. గోడ సంగతి నువ్వు చూసుకో."

దూకింది. పక్క వరసలో చూపున్న కుర్రాళ్లు గోడ దగ్గర మందగిస్తున్నారు. పచ్చి మచ్చతో ఉన్న ఆ నుదురు మాత్రం, పోయినసారి కంటే జోరుగా, గోడ మీదికి వస్తోంది.

రెండు చేతులతో కర్ర బిగించి పట్టి, తట్టాను.