కెన్యా కుర్చీ

ఆ ఏడు చేవెళ్ల డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ తీసుకున్న పిల్లలు చాలా తక్కువ. మిగతావాళ్లంతా కంప్యూటర్ల వెంట పోయారు. మొయినాబాద్ రోడ్డు పొడుగునా ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు లేస్తున్న రోజులవి. ప్రిన్సిపాల్ ఉదయ్‌భాస్కర్ ఆ పాఠం చెప్పే వసంతను పిలిచి, వచ్చే ఏడు ఈ గ్రూపు నడవడం కష్టమని మెత్తగానే చెప్పాడు. ఆమె కొత్తగా మొదలుపెట్టిన ప్రపంచ అధ్యయనాల పేపరు తెలుగు మీడియం పిల్లలకు బరువనీ, దాన్నైనా వదిలేయమనీ సలహా ఇచ్చాడు.

"అది మాత్రం ఇడిచిపెట్ట సార్. పిల్లలకు ఎక్కేటట్టు చెప్పుడు నా పని," అన్నది వసంత.

వసంతది చేవెళ్ల బజారులో కిరాణా నడిపే కుటుంబం. పాఠంతో పాటు ఆమెకు పరిశోధన పిచ్చి కూడా ఉంది. మొయినాబాద్ చుట్టూ ప్లాస్టిక్ పైకప్పు వేసిన షెడ్లలో పెంచే గులాబీలు విమానమెక్కి యూరప్ పోతాయి. అక్కడెక్కడో రాసుకున్న వ్యాపార ఒప్పందం ఇక్కడి రైతును ఎట్లా తాకుతుందో రాయాలని ఆమె పట్టుదల. కానీ రైతులు నోరు విప్పరు. రాజమౌళి అనే రైతయితే ఆమెను మొదటిసారి భూముల బ్రోకరనుకున్నాడు, తర్వాత పన్నుల ఆఫీసు మనిషనుకున్నాడు, ఆ పైన గేటే తియ్యలేదు. ఆయన కూతురు పింకీ వసంత క్లాసులోనే చదువుతోంది. అయినా వసంత ఆ దారిన పోలేదు. కూతురి మార్కులు తన చేతిలో ఉండగా తండ్రిని అడిగితే, ఆయన కాదనలేడు.

ఆ చలికాలం వసంత క్లాసును ప్రపంచ దేశాల సభగా మార్చింది. చర్చ బయటి దేశాల పూల మీద యూరప్ వేసే సుంకం గురించి. ఎవరు ఏ దేశం తరఫున మాట్లాడాలో చీటీలు తీశారు. పింకీకి కెన్యా వచ్చింది. క్లాసు అయిపోయాక ఆ పిల్ల కదలకుండా నిలబడింది.

"మేడం, నాకు వేరే దేశమియ్యుండ్రి. యూరప్‌ల కెన్యా పూలకు సుంకం లేదు, మన పూలకున్నది. గందుకే మా బాపు పూలు కొనే కంపెనీ ఈ ఏడు చేతులెత్తేసింది. ఇప్పుడు వాళ్ల దిక్కు నేనెట్ల మాట్లాడాలె?"

వసంత తటపటాయించింది. చీటీ మారిస్తే పోయేదేమీ లేదు. కానీ మారిస్తే, ఇన్నాళ్లు చెప్పిన పాఠం పరీక్ష కోసమే అయిపోతుంది.

"నీకు కోపమున్న దిక్కే కూసోని చూడాలె బిడ్డా. చూసినంక కూడ కోపం పోకపోతే, అప్పుడది నీ సొంతం."

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇద్దరూ లైబ్రరీలో కూర్చున్నారు. ఇంగ్లీషు నివేదికలను వసంత విడమరిచి చెప్తుంటే, పింకీ మొదట ముఖం ముడుచుకుని, పోను పోను ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తూ విన్నది.

సభ రోజున తల్లిదండ్రులను కూడా పిలిచారు. రాజమౌళి, భార్య సంగమ్మ వెనక వరుసలో కూర్చున్నారు. భారతదేశం తరఫున ప్రణవ్, కెన్యా పూలకు కూడా సుంకం వేయాలని గట్టిగానే వాదించాడు. తర్వాత పింకీ కెన్యా కుర్చీలోంచి లేచింది.

"మా తోటల్ల పూలు కోసేది ఆడోళ్లే. మందు కొట్టిన షెడ్లల్లకే పొద్దుగాల పోతరు. సుంకం పడితే ముందుగాల కూలి పోయేది వాళ్లకే. మీ సుంకం తీసెయ్యుమని కలిసి అడుగుదం. మాకు పెట్టుమనకుండ్రి."

ఇంకా చెప్పబోతుండగా రాజమౌళి లేచి బయటికి వెళ్లిపోయాడు. పింకీ మాట ఆపి వసంత వైపు చూసింది. కానివ్వమన్నట్టు వసంత తల ఊపింది. పింకీ చివరిదాకా మాట్లాడి కూర్చుంది.

మర్నాడు వసంత మొయినాబాద్ బస్సెక్కింది. పిల్లను తండ్రికి ఎదురు నిలబెట్టానా అన్న గుబులు దారంతా వదల్లేదు. సంగమ్మ గేటు తీసి, షెడ్డు వైపు చూపింది. రాజమౌళి కొమ్మలు కత్తిరించడం ఆపకుండానే మాట్లాడాడు.

"మంచిగనే చెప్పింది. ఇనలేకనే లేచొచ్చిన. మాకు అడ్డమొచ్చినోడు ఎవడో పెద్ద సేటనుకున్న ఇన్నొద్దులు. కూలికి పోయే ఆడోళ్లున్నరని అనుకోలే." కొమ్మ మీంచి తల ఎత్తి అడిగాడు. "మరి మా దిక్కు ఎవరు మాట్లాడుతరు మేడం?"

"మీరే మాట్లాడాలె అన్నా. రాసుడు నా వంతు. పింకీ మార్కులకు, దీనికి ఏం సంబంధం లేదు. ఇష్టం లేదంటే ఇప్పుడే పోత."

రాజమౌళి కత్తెర పక్కన పెట్టి, చాయ్ పెట్టమని సంగమ్మతో అన్నాడు. తోట వేసిన నాటి సంగతి నుంచి, కంపెనీ మొండిచెయ్యి చూపితే పూలు పట్నంలోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో అగ్గువకు అమ్ముకున్నదాకా చెప్పాడు. ఆయన దాటేసిన సంగతులు సంగమ్మ అందించింది. వసంత పరిశోధనకు మొదటి మాటలు ఆ ఇంట్లోనే దొరికాయి. తర్వాత మిగతా రైతుల గేట్లు కూడా ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

సభలో కూర్చుని అంతా విన్న ఉదయ్‌భాస్కర్ గ్రూపుకు ఒక్క ఏడాది గడువిచ్చాడు. పిల్లలు చేరకపోతే మళ్లీ తనను అడగొద్దన్నాడు. సెలవుల్లో ఊరుకోకుండా వసంత ఎండలో ఆటోలెక్కి జూనియర్ కాలేజీలన్నీ తిరిగింది. ఇది చదివితే ఏం నౌకరీ వస్తదని అడిగిన పిల్లలకు ఆమె లేనిపోని ఆశ పెట్టలేదు. మీ ఊరికి ఏది ఎక్కడినుంచి వస్తున్నదో, ఎవరు పంపుతున్నరో అడగడం వస్తదని చెప్పింది. కొందరు నవ్వి వెళ్లిపోయారు. కొందరు ఈ గ్రూపులో చేరతామని పేర్లు ఇచ్చారు.