ఆలూరు నుండి జవాబు రాలేదు

ఆ ఆదివారం ఉదయం మొయినాబాద్‌లోని మా పూల రైతుల సంఘం గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు: బల్లకు తూర్పున అధ్యక్షులు బాలరాజ్ గారు, ఆయన కుడి పక్కన గౌరవ కార్యదర్శినైన నేను, నా తరువాత అధ్యక్షుల కోడలు, నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే శిరీష, గోడ వారగా వ్యాను డ్రైవరు కుర్మయ్య, అందరికంటే చివర, కుర్చీ చూపినా కూర్చోకుండా గడప దగ్గర నిలబడి, ఆలూరు నుండి వచ్చిన పద్మమ్మ. ఆమె కాళ్ల దగ్గర వాడిపోయిన చామంతుల గంప ఉంది. సమావేశం జరిగింది ఆ గంపను గురించే.

సంగతి తెలియనివారి కోసం కొంత వెనుకకు వెళ్లవలసి ఉంటుంది. చేవెళ్ల కళాశాలలో ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేసిన తరువాత నేను ఈ సంఘం బాధ్యత స్వీకరించాను. ప్రతి సాయంత్రం సభ్యులందరికీ ఫోన్ చేసి, మరునాడు ఎవరి తోటలో పూలు తెంపుతారో అడిగి, వ్యాను ఏయే ఊళ్ల మీదుగా నగరంలోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లాలో కుర్మయ్యకు చెప్పేవాడిని. పూల సంగతి రెండు మాటల్లో తేలిపోయేది. మిగిలినదంతా ఎండిపోయిన బోరు, కోడలి కాన్పు, షాబాద్‌లో కొన్న ఎద్దు కుంటుతున్న వైనం. నా భార్య రాజ్యలక్ష్మి మరణించిన తరువాత మా ఇంటిలో వినబడిన మాటలు దాదాపుగా అవే.

మోకిల వైపు నుండి కొత్త సభ్యులు చేరడంతో పని పెరిగింది. అప్పుడు శిరీష ఒక ఏర్పాటు చేసింది. దానిని ఆమె ‘ఫ్లో’ అంటుంది. తెర మీద చిన్న డబ్బాలను జరిపి, వాటి మధ్య గీతలు కలిపింది. ప్రోగ్రాం రాయవలసిన అవసరం పెద్దగా లేదట. సాయంత్రం కాగానే ప్రతి రైతు వాట్సాప్‌కూ ఒక ప్రశ్న వెళుతుంది. కింద రెండు బటన్లు: ‘ఉన్నయి’, ‘లేవు’. జవాబులన్నీ ఒకచోట చేరి, వాటి నుండి దారి తయారై, కుర్మయ్య ఫోనుకు తనంతట తానే చేరుతుంది. పని చక్కగా జరిగింది. ఆ విషయం నేను నిష్పాక్షికంగా చెప్పగలను, ఎందుకంటే ఆనాటి నుండి నా ఫోన్‌కు పని లేకుండా పోయింది.

ఇక గంప విషయం. ఆలూరులో మా సభ్యురాలు పద్మమ్మ ఒక్కతే. ఆమె బావగారు మరణించారు. దినాలు పూర్తయ్యేవరకు ఆమె పూలు తెంపలేదు, ప్రశ్నకు జవాబూ ఇవ్వలేదు. జవాబు రాకపోతే పూలు లేనట్టేనని ఫ్లో లెక్కవేసింది. కొంతకాలం వరుసగా జవాబు రాని ఊరిని, డీజిల్ వృథా కాకుండా, దారి నుండి తొలగించింది, అక్కడికి ప్రశ్న పంపడమూ మానేసింది. శుద్ధి అయిన తరువాత ఆమె గంప నింపుకొని రోడ్డు మీద నిలబడింది. వ్యాను రాలేదు.

“ఎండల నిలబడ్డ సారూ,” అన్నది పద్మమ్మ, నన్నే చూస్తూ. “పోయేటోళ్లంతా అడుగుడే, ఎవలకోసమమ్మా అని. ఏం జెప్పాలె?”

“లేవు అని ఒక్క బటన్ వత్తితే అయిపోతుండెగద అక్కా,” అన్నాడు కుర్మయ్య.

“మైలల ఉండి దేవుని పూల ముచ్చట నేనెట్ల తీస్తరా? నీకు సోయి ఉన్నదా? ఇదివరకైతే సార్‌కు ఎరికే ఉంటుండె. ఆలూరుల ఎవలు సచ్చినా సార్‌కు ముందు ఎరికైతుండె.”

“అవును, సార్ దగ్గర యమధర్మరాజు నంబర్ గూడ ఉండె,” అన్నారు అధ్యక్షులు. కుర్మయ్య నవ్వాడు. నేను నవ్వలేదు.

శిరీష మాత్రం ల్యాప్‌టాప్ తెర నుండి తల ఎత్తలేదు. “తప్పు ఇక్కడున్నది మామయ్యా,” అన్నది. “జవాబు రాకుంటే సున్న అని పెట్టిన. సున్న వేరు, తెల్వకపోవుడు వేరు. ఇది ఆగిపోతే మనకు కనవడుతుండె. ఆగకుండ తప్పు నడిచింది, అందుకే ఎవ్వరికీ కనవడలే. జవాబు రాకుంటే ఇది సొంతంగ ఏం అనుకోవద్దు. ఊరిని తీసెయ్యొద్దు. ఒక మనిషిని అడగాలె.”

“ఏ మనిషిని?” అన్నారు బాలరాజ్ గారు.

అందరూ నా వైపు చూశారు. “సంఘం నియమిస్తే నాకు అభ్యంతరం లేదు,” అన్నాను. గొంతు అవసరమైనదానికంటే కొంచెం గట్టిగా వచ్చింది.

ఆ విధంగా ఫ్లోలో ఒక కొత్త డబ్బా చేరింది. చీకటి పడకముందే జవాబు ఇవ్వనివారి పేరు నా ఫోనుకు వస్తుంది. నేను వారితో మాట్లాడి, ఉన్నదీ లేనిదీ నమోదు చేస్తాను. అప్పుడే దారి ఖరారవుతుంది.

మొదటి సాయంత్రం నేను ఇస్త్రీ చొక్కా వేసుకొని వరండాలో కూర్చున్నాను. ఫోన్ మీద మాట్లాడడానికి ఇస్త్రీ చొక్కా అవసరం లేదని నాకు తెలుసు. ఎవరి పేరూ రాకపోవచ్చునని కూడా తెలుసు. రైతులు బటన్లకు అలవాటు పడ్డారు, జవాబులు చకచకా వెళుతున్నాయి. బీజాపూర్ రోడ్డు మీద లారీల చప్పుడు వింటూ ఉన్నాను. కొంతసేపటికి ఒకే ఒక్క పేరు వచ్చింది: పద్మమ్మ, ఆలూరు.

“పద్మమ్మా, మీరు ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.”

“అయ్యో, వచ్చిందా సారూ? చూడనే లే. చామంతి ఉన్నది, తెంపుత. తిన్నరా?”

“ఇంకా సమయం కాలేదు.”

“ఏం వండుకున్నరు?”

“అన్నం. పెరుగు.”

“నిన్నగూడ అదేనా? జర పప్పన్న ఏసుకోవాలె సారూ. గా పెరుగన్నానికి పెయ్యదూడగూడ బతకది.”

మరునాడూ అదే పేరు వచ్చింది. ఆ మరునాడూ అంతే. బటన్ ఎట్లా నొక్కాలో నేను ఓపికగా బోధించాను. “అట్లనే సారూ” అనేది. మరునాడు నొక్కేది కాదు. క్రమశిక్షణ లేని విద్యార్థులతో జీవితమంతా గడిపినవాడిని కనుక కఠినంగానే చెప్పాను.

“మీ ఒక్కరి వలన వ్యాను దారి ఖరారు కావడం ఆలస్యమవుతున్నది.”

“గింత తిట్టుడేంది సారూ! తిట్టినా సరే, మీరు పుస్తకం సదివినట్టు తిడుతరు, వినబుద్ధయితది. బడంగిపేట మా చెల్లె ముచ్చట చెప్పనా?”

చెప్పమన్నాను. పప్పు పొయ్యి మీద ఉంది. ఆమె చెప్పిన కొలతతోనే వేశాను.

నగరంలో కంటి పరీక్షకు వెళ్లవలసిన ముందురోజు, రేపు సాయంత్రం నేను అందుబాటులో ఉండనని, దయచేసి ఆ ఒక్కరోజైనా బటన్ నొక్కమని ఆమెను కోరాను. తిరిగి వచ్చిన మరునాడు శిరీషకు ఫిర్యాదు చేశాను. ఆలూరు వైపు ఏదో సాంకేతిక లోపం ఉండవచ్చునని, సరిచేయమని కోరాను. ఆమె ల్యాప్‌టాప్‌తో మా వరండాకే వచ్చింది.

“లోపం ఏం లేదు సార్. మెసేజ్ పోయిన నిమిషానికే ఆమె చూస్తది. రోజూ. చూసినట్టు ఇక్కడ పడుతది. బటనే వత్తదు, అంతే.” తెరను నా వైపు తిప్పింది. “మీరు కంటి దవాఖానకు పోయిన రోజు చూడుండ్రి. అందరికన్న ముందు వత్తింది.”

నేను తెరకు దగ్గరగా వంగి ఆ వరుసను మళ్లీ చదివాను. ఆసుపత్రిలో ఇచ్చిన చుక్కల మందు కంట్లో ఇంకా మండుతూనే ఉంది.

“ఈ డబ్బా తీసెయ్యాల్నా సార్? ఇప్పుడు అందరూ వత్తుతున్నరు. ఇంక మీకు తిప్పలెందుకు?” అని అడిగింది. అడిగేటప్పుడు నా ముఖం చూడలేదు. ఆ మర్యాద నేను గుర్తించాను.

“అవసరం లేదు,” అన్నాను. “అలాగే ఉంచండి.”

ఆమె వెళ్లిపోయింది. వరండా ఎప్పటివలెనే ఉంది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. పేరు వచ్చింది. వెంటనే ఆలూరుకు ఫోన్ చేయలేదు. ముందుగా ఈ కింది మాటలు వ్రాయడం నా విధి అని భావించాను.

ఆలూరు వాస్తవ్యురాలు పద్మమ్మ గారు, బటన్ నొక్కడం చక్కగా తెలిసి ఉండి, నా మందలింపులన్నింటినీ భరిస్తూ, ప్రతి సాయంత్రం బుద్ధిపూర్వకంగా దానిని నొక్కకుండా ఉన్నారని ధ్రువీకరిస్తున్నాను. ఈ ఉపకారాన్ని సంఘం గౌరవ కార్యదర్శి ప్రభాకర్ అనబడే నేను కృతజ్ఞతతో స్వీకరించినట్లు ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.