పీరు చెవిలో చెప్పిన మాట

రౌఫ్ ఇంట్లో అతని మాటకు ఎదురు లేదు. అతన్ని కాదనగలిగింది పీరు ఒక్కడే. మొహర్రంలో ఆ పీరును భుజాన ఎత్తుకునేదీ రౌఫే. అతని భార్య రహీమున్నిసా భయమంతా అక్కడే ఉంది.

కూతురు ఆఫ్రీన్‌కు నిజామాబాద్‌లో పంతులమ్మ చదువుకు సీటొచ్చింది. పండుగ వెళ్లిన మర్నాడు చేరకపోతే సీటు పోతుంది. రౌఫ్‌కు బాన్సువాడ బజారులో కాలిపోయిన మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది.

"ఆడపిల్లను హాస్టల్ల ఉంచుడేంది? దుకాణం కాడ నలుగురు నాలుగు మాటలంటే నువ్వొచ్చి జవాబు చెప్తవా?" అని ఒక్కసారే అన్నాడు. రెండోసారి చెప్పే మనిషి కాదు.

ఆఫ్రీన్ ఏడవలేదు. అన్నం ముట్టడం మానేసింది. తల్లి కంచం ముందుకు జరిపితే, "పీరును అడుగు అమ్మీ. అబ్బా ఆయన మాటైతె వింటడు గద" అంది.

రహీమున్నిసా కంచం పక్కకు పెట్టింది. భర్త కాదంటే ఎప్పటికైనా మెత్తబడొచ్చు. పీరే కాదంటే ఇక పైన ఎవరున్నారు?

పదో దినం పొద్దున పీర్ల కొట్టం ముందు ఊరంతా చేరింది. రౌఫ్ తలస్నానం చేసి, రంగురంగుల దట్టీ గుడ్డలు కట్టిన వెండి పీరును ఎత్తుకున్నాడు. ఊదు పొగ ముఖానికి తగలగానే ఒళ్లు ఊగింది. ఇక అతను రౌఫ్ కాడు. కాళ్ల మీద నీళ్లు పోసి అడిగినవాళ్లకు పీరు చెవిలో జవాబు చెబుతాడు. ఆ మాట మూడో మనిషికి వినపడదు. పూనకం దిగాక ఏం చెప్పాడో రౌఫ్‌కే తెలియదు. రహీమున్నిసా పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఇదే తీరు.

ఆమెకు ముందు వెంకటరత్నమ్మ నిలబడింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం వాళ్లది.

"పోయినేడూ వస్తాయనే చెప్పారు స్వామీ, చివరి తడికి చుక్క నీళ్లు రాలేదు. ఈసారి గట్టిగా చెప్పండి" అందామె.

డప్పు కొట్టే ఎల్లన్న నవ్వాడు. "ఏందమ్మా, కాలువ లస్కరును గద్దిచ్చినట్టు గద్దిస్తున్నవ్? తూము ఆయన చేతుల ఉన్నదా?"

"నీ డప్పు నువ్వు కొట్టుకోవయ్యా!"

జనం నవ్వారు. రహీమున్నిసాకు నవ్వు రాలేదు. తన వంతు రాగానే చెంబుతో పీరు కాళ్ల మీద నీళ్లు పోసింది.

"బిడ్డను చదువుకు పంపాల్నా, సర్కార్?"

పీరు ఊగడం ఆగింది. ఎర్రబడ్డ ఆ కళ్లు ఆమెను ఎన్నడూ ఎరగనట్టు చూశాయి. వేడి ఊపిరి చెవికి తగిలింది.

"వద్దు."

అంతే. పీరు మరొకరి వైపు తిరిగాడు.

అది పీరు మాటేనా, రౌఫ్ మాటా? ఇన్నేళ్లలో ఆమెకు ఇలాంటి అనుమానం రానేలేదు. తౌబా తౌబా అని చెంపలు తట్టుకుంది. అనుమానం మాత్రం పోలేదు.

పీర్లు మంజీర ఏటికి పోయి వచ్చాక రౌఫ్ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఆమె షర్బత్ అందించింది.

"నువ్వేదో అడిగినవంట, ఎల్లన్న చెప్పిండు. ఏమన్నడు పీరు?"

తలుపు వెనక ఆఫ్రీన్ గాజులు కదిలి ఆగిపోయాయి.

పీరు పేరు మీద అబద్ధమాడితే ఆ ఇల్లు నిలవదని అత్త చెప్పేది. ఉన్నమాట చెప్పేస్తే తన మీద ఏ పాపమూ ఉండదు. రహీమున్నిసా నోరు తెరిచింది.

"పంపుమన్నడు."

గ్లాసు రౌఫ్ పెదవుల దాకా వెళ్లి ఆగింది. అతను ఆమె ముఖంలోకి చూశాడు. కోపంగా చూసి ఉంటే తట్టుకునేది. అతనికి ఏదైనా గుర్తుందో లేదో ఆ చూపులో ఆమెకు అంతుపట్టలేదు.

"నిజంగా అన్నడా?"

"అన్నడు."

"బిడ్డ నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పు."

ఎవరూ పిలవకముందే ఆఫ్రీన్ వచ్చి తల్లి ముందు కూర్చుంది. రహీమున్నిసా చెయ్యి పైకి లేవడానికి చాలాసేపు పట్టింది.

"అన్నడు" అంది, కూతురి తల మీద చెయ్యి ఉంచి.

రౌఫ్ షర్బత్ తాగి గ్లాసు కింద పెట్టాడు. "అయితె ఇంకేమున్నది. పొద్దుగాల బస్సుకు తయారుండుమను" అని లేచి లోపలికి పోయాడు.

ఆఫ్రీన్ తల్లి ఒళ్లో ముఖం దాచుకుని నవ్వుతోంది. రహీమున్నిసా చెయ్యి తీయలేదు. అరచేతి కింద తల కాస్త వెచ్చగా తగిలింది. తలుపు వెనక ఉక్కలో నిలబడినందుకేమో అనుకుంది. చెయ్యి తిప్పి, బిడ్డ నుదురు ముట్టి చూసింది. మళ్లీ ముట్టి చూసింది.