కొండ మెట్లు దిగిన తీరు

ఆ ఇంట్లో అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. మామగారి నోట్లో బస్తాడు నువ్వులు పోసినా ఒక్క గింజ బయటికి రాదు. ఆయన బూట్లు కుట్టే మనిషి. పైన కాపురం, కింద దుకాణం. ఊళ్లో బాక్సింగ్ చేసేవాళ్లందరి బూట్లూ ఆయన బల్ల మీదికే వస్తాయి. అరిగిన అడుగుతోలు చూస్తే మనిషి నడుము నొప్పితో సహా తెలిసిపోతుందంటారు. తెలిసింది మాత్రం ఆ కాలు గలవాడికి తప్ప ఇంకెవరికీ చెప్పరు. అది ఆయనకు ఆయన పెట్టుకున్న ఒట్టు.

కోడలికి ఈ ఒట్టు ఇన్నాళ్లూ ముచ్చటగానే ఉండేది. ఆమె పత్రికలో పనిచేస్తుంది. ఆరేళ్లు మరణవార్తలు రాసి రాసి, బతికున్నవాళ్ల గురించి కూడా నాలుగు ముక్కలు రాయాలని ఎడిటరును కాకా పట్టి, ఈమధ్యే ఆటల పేజీకి మారింది. అంతలో హెవీవెయిట్ పోటీ వచ్చిపడింది. పదకొండేళ్లుగా ఓటమి ఎరగని ఛాంపియన్‌ను జనం కొండ అంటారు. ఎదుటివాడు మొన్నమొన్నటిదాకా క్రేను నడిపి పొట్టపోసుకున్నవాడు, అందుకని అతనికి క్రేను అనే పేరే స్థిరపడింది. ఎవరు గెలుస్తారో, ఎన్నో రౌండులోనో ఆటల పేజీలోని ఎనిమిదిమందీ గురువారంలోగా రాసివ్వాలి. ఫొటోలతో వేస్తారు. ఏడుగురు కళ్లు మూసుకుని కొండ అని రాసేశారు. మిగిలింది కోడలు. పిచ్చి జోస్యం చెప్పావంటే మళ్లీ మరణవార్తలకే పోతావని ఎడిటరు నవ్వుతూనే అన్నాడు. ఆ మహానుభావుడు నవ్వుతూ అన్నవే చేస్తాడు.

కొండ పాత పోటీల వీడియోలు ఆమె కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. అందరూ గంట మోగగానే ఆపేస్తారు. ఆమె ఆపడం మరిచిపోయింది. గెలిచిన కొండ చేతులూపుతూ రింగు మెట్లు దిగుతున్నాడు. ముందు ఎడమకాలు, దాని పక్కన కుడికాలు, మళ్లీ ఎడమకాలు. చెయ్యి కమ్మీని వదల్లేదు. ఇది ఎక్కడ చూశానబ్బా అనుకుంది. రోజూ ఇంట్లో చూస్తున్నదే. మోకాలి నొప్పితో అత్తగారు మేడ దిగేది అచ్చం అలాగే. ఎక్కేటప్పుడు దాచుకున్న నొప్పి దిగేటప్పుడు దాగదని ఆవిడ రోజుకు నాలుగుసార్లు అంటుంది కూడా.

అయినా అనుమానం పీకుతూనే ఉంది. అలసిపోయి అలా దిగాడేమో. కొండ బూట్లు కొత్త అడుగులు వేయించుకోవడానికి దుకాణానికి వచ్చి మూడు వారాలైంది. సోమవారం సాయంత్రం ఉండబట్టలేక మామగారినే అడిగింది.

"మామయ్యా, కొండ ఎడమకాలు బాగానే ఉందా?"

"బూట్లు బాగానే ఉన్నాయమ్మా," అన్నారాయన.

ఆ తర్వాత బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. కోడలికి కష్టం వేసింది. ఎవరిదో కాలికున్న విలువ ఇంటిపిల్ల ఉద్యోగానికి లేదా అనుకుని, ఆ కోపమంతా వంటింట్లో గిన్నెల మీద చూపించింది. అది చాలదన్నట్టు మామగారికి అజీర్ణం చేసింది. రాత్రంతా మంచం మీద దొర్లుతున్నారని అత్తగారు వీధంతా చెప్పుకుని, ఆయనకు పథ్యం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున కోడలు రాసింది తీసుకుని దుకాణంలోకి దిగింది. సాధించడానికే అనుకోండి, పైకి చదివి వినిపించింది. క్రేను గెలుస్తాడు, తొమ్మిదో రౌండులో. ముందుకు నడిచినంతసేపూ కొండకు తిరుగులేదు. వెనకడుగు వేయాల్సి వస్తే ఆ ఎడమ మోకాలు మాట వినదు. నమ్మకపోతే అతను మెట్లు దిగడం చూడండి.

ఆ మెట్ల మాట ఇంకోసారి చదవమన్నారు మామగారు. చదివింది. ఆయన చేతిలోని తోలు కుట్టే ఆరె బల్ల మీద పెట్టి తల దించుకున్నారు. భుజాలు అదిరాయి. మంచినీళ్లు తాగొస్తానని పెరట్లోకి వెళ్లిపోయారు. నవ్వారని కోడలికి ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఒక్క అక్షరం మార్చకుండా ఆఫీసులో ఇచ్చేసింది. ఆ రాత్రి మామగారు గుర్రుపెట్టి నిద్రపోయారు. తన పథ్యం మహిమేనని అత్తగారు మురిసిపోయింది.

శుక్రవారం పత్రిక వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టావని ఆఫీసంతా ఆటపట్టించారు. ఎవరో పుణ్యాత్ముడు ఆమె బల్ల మీద మరణవార్తల ఫారాల కట్ట ముందుగానే పెట్టి ఉంచాడు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణంలో టీవీ పెట్టుకున్నారు. మామగారు అటు తిరిగి కుట్టుకుంటున్నారు. తొమ్మిదో రౌండు దాటింది, పదీ దాటింది. కొండ కొడుతూనే ఉన్నాడు. ఇక నా పని అయిపోయిందని కోడలు అత్తగారి భుజం మీద తల పెట్టేసింది. పదకొండో రౌండులో క్రేను మొదటిసారి మీదికొచ్చాడు. కొండ వెనకడుగు వేశాడు. ఎడమకాలు మడతపడింది. అదే క్షణాన గడ్డం మీద దెబ్బ పడింది. పది లెక్కపెట్టినా కొండ లేవలేదు. నవ్విన నాపచేనే పండింది. అత్తగారు కోడలిని కావలించుకుని ఏడ్చింది. మామగారు టీవీ వైపు ఒకసారి చూసి, పాపం అన్నారు.

మంగళవారం కొండే దుకాణానికి వచ్చాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెద్దాయనా, నా కాలి సంగతి మీ కోడలికి చెప్పారా?"

మామగారి ముఖం పాలిపోయింది. చెప్పలేదని తల అడ్డంగా ఊపారు. ఒకే ఇంట్లో ఉంటూ చెప్పలేదంటే ఎవరు నమ్ముతారు? కోడలు ముందుకొచ్చింది.

"ఆయన్ని అడిగాను, చెప్పలేదు. నాకు చెప్పింది మా అత్తయ్య."

అప్పుడే అత్తగారు టీ గ్లాసుతో మేడ దిగుతోంది. ముందు ఎడమకాలు, దాని పక్కన కుడికాలు, చెయ్యి గోడ మీద. కొండ ఆవిడ చివరి మెట్టు దిగేదాకా చూశాడు. చూసి స్టూలు మీద కూలబడి, పగిలిన పెదవి పట్టుకుని నవ్వాడు.

"ఈయన నాకు మూడు వారాల ముందే చెప్పాడమ్మా. అడుగు ఒకపక్కే అరిగింది, మోకాలు చూపించుకో, పోటీ వాయిదా వేసుకో అన్నాడు. నీ బూట్లు నువ్వు కుట్టుకో అన్నాను," అని మామగారి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

అతను టీ తాగి వెళ్లాక కోడలు బల్ల దగ్గరే నిలబడిపోయింది.

"మీకు అంతా తెలుసు. నేను కొండ గెలుస్తాడని రాసుంటే ఏం చేసేవారు మామయ్యా?"

ఆయన దారానికి చాలాసేపు మైనం రుద్దారు.

"నాకూ తెలియదు తల్లీ. మూడు రాత్రులు అదే ఆలోచించాను. చెబితే మాట పోతుంది, చెప్పకపోతే నువ్వు పోతావు. ఆ పొద్దున నువ్వే వచ్చి చదివావు. ఏడుపొచ్చేసింది. నీళ్ల వంక పెట్టి పెరట్లోకి పోయాను."

కోడలు ఆయన చేతిలోని మైనం ముద్ద తీసుకుని తనే దారానికి రుద్దసాగింది.

ఖాళీ గ్లాసు తీయబోతున్న అత్తగారు అక్కడే ఆగిపోయింది.

"అంటే అది అజీర్ణం కాదన్నమాట. మూడు రోజులు ఉప్పూ కారం లేని కూడు పెట్టాను. ఒక్క ముక్క అనకుండా తిన్నారు ఈ మనిషి."