మైకులో పిలిచిన పేరు

రెండు రోజులు వరసలో నిలబడి, మూడో రోజు పొద్దున యల్లేష్ తన లారీలోని మైన్స్ ఇనుప మన్నును సముద్రపు రేవులో దించాడు. క్యాబిన్‌లోకి ఎక్కుతూనే, "సముద్రం ఒడ్డు పార్కు కాడికి పోదాం పాండి. మధ్యాన్నం దాటితే ఘాటు రోడ్డు కాడ జామవుతాది" అన్నాడు.

అతని భార్య అంబిక ఒళ్ళో ఏడేళ్ళ కూతురు హులిగెమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. తమ ఊరు కప్పగల్లులో తలంటి పోసుకుని బయలుదేరిన తల్లీబిడ్డల జుట్టు, ముందు పోయే లారీల దుమ్ముకు ఎర్రబారిపోయింది.

అంబిక వచ్చింది సముద్రం చూసి సంబరపడటానికి కాదు. ఆమె అత్త యంకమ్మకు సంతలో ఎవరో చెప్పారు, సముద్రపు నీళ్ళలో మూడు మునకలు వేయిస్తే పిల్లకు నాలుక తిరుగుతుందని. హులిగెమ్మకు ఇంకా మాట రాలేదు. ఇంటిల్లిపాదీ చెప్పుకునేది ఒకటే: పిల్లకు మాట ఆలస్యం, అంతే. యల్లేష్ తండ్రి హంపయ్య తమ్ముడికి తొమ్మిదో ఏట గాని మాట రాలేదట. వీపు వెనక ఇత్తడి బిందె దొర్లిపడినా పిల్ల తిరిగి చూడదని అంబికకు తెలుసు. తెలిసీ ఏనాడూ నోటితో అనలేదు. అంటే అది నిజమైపోతుందని ఆమె భయం.

ఆదివారం కావడంతో పార్కు నిండా జనం. సరుగుడు తోపులో ఉయ్యాలలు, తోపు పక్కనే మెత్తటి ఇసుక, ఒడ్డు వెంబడి నడవడానికి ఎర్రరాయి పరిచిన దారులు. హుబ్బళ్ళి వైపు నుంచి కార్లలో వచ్చిన కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని చిత్రాన్నం తింటున్నాయి. వాళ్ళ తెల్లబట్టల మధ్య నుంచి అంబిక బిడ్డ చెయ్యి పట్టుకుని, తల వంచుకుని నడిచింది. అంతలో ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరు ఫోను చేశాడు. సిగ్నల్ సరిగా అందక యల్లేష్ గేటు వైపు వెళ్ళాడు.

అంబిక బిడ్డను మోకాళ్ళ లోతు నీళ్ళలోకి తీసుకుపోయి, మనసులో హులిగి అమ్మవారికి దండం పెట్టుకుని మూడుసార్లు ముంచింది. పిల్ల ఉక్కిరిబిక్కిరై, దగ్గి, కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"అమ్మా అను. హులిగీ, నా బంగారు, ఒక్కసారి అమ్మా అను" అంది అంబిక, బిడ్డ గడ్డం పట్టుకుని.

పిల్ల తల్లి పెదవుల వంక చూసింది. తన పెదవులు కూడా అట్లాగే కదిపింది. ఏ శబ్దమూ రాలేదు.

అంబిక ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడింది. నూరు కోసులు మన్ను లారీలో కుదుపులు తింటూ వచ్చిన ఆశ అది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళకు వినబడకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంతసేపో ఆమెకే తెలియదు. కొంగు తీసి చూస్తే పక్కన పిల్ల లేదు.

నీళ్ళ వైపు చూసింది. అలలు. ఉయ్యాలల వైపు పరుగెత్తింది. ఎవరెవరి పిల్లలో ఊగుతున్నారు. గేటు దగ్గర నుంచి వస్తున్న యల్లేష్‌కు ఎదురుపోయి, "పాప నీ కాడికి వచ్చిందా?" అని అడిగింది. అతని మొహం చూడగానే రాలేదని తెలిసిపోయింది.

"యాడ ఇడిస్తివే పిల్లను?"

"ఈడనే ఉండాది... నా పక్కనే ఉండాది..."

యల్లేష్ ఒడ్డంతా పరుగులు పెడుతూ "హులిగీ! హులిగీ!" అని గొంతు చించుకున్నాడు. అంబిక కూడా అరిచింది. అరుస్తున్నంతసేపూ ఆ అరుపు బిడ్డను చేరదని లోపలి నుంచి ఎవరో చెబుతూనే ఉన్నారు. అయినా అరిచింది. అరవకపోతే ఇంకేం చేయాలో తోచలేదు.

పార్కు కావలివాడు పక్కీరప్ప వచ్చి సంగతి విన్నాడు. బళ్ళారి వైపు కొన్నాళ్ళు పని చేసినవాడు, తెలుగు వచ్చు. "భయపడొద్దమ్మా. ఇట్లా పిల్లలు తప్పిపోవడం మామూలే. మైకులో పిలిస్తే అదే వచ్చేస్తాది" అని, టికెట్ల గదికి పోయి చెప్పించాడు. ఒక్క నిమిషంలో పార్కంతా మోగింది, మొదట కన్నడంలో, తర్వాత తెలుగులో: "హులిగెమ్మా, ఏడేళ్ళ పాపా, ఎక్కడున్నా గేటు దగ్గరికి రావాలి. మీ అమ్మానాన్నా ఇక్కడున్నారు."

జనం తలెత్తి విని, మళ్ళీ తమ చిత్రాన్నంలో పడ్డారు. మైకు పిలుస్తోంది కదా, పిల్ల వచ్చేస్తుందిలే అని అందరికీ ధీమా. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. పక్కీరప్ప గేటు వైపే చూస్తున్నాడు. ఎవరూ వెతకడం లేదు. అందరూ ఎదురు చూస్తున్నారు. సముద్రం మాత్రం ఇందాక అంబిక కూర్చున్న ఇసుక దాకా వచ్చేసింది.

"ఇంకోసారి పిలిపిస్తానమ్మా" అన్నాడు పక్కీరప్ప.

"పిలవాకు!" అంది అంబిక. ఆ కేకకు చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "ఎన్నిసార్లు పిలిచినా రాదప్పా. నా బిడ్డకు ఇనపడదు! పుట్టినప్పటి నుంచీ ఇనపడదు!"

యల్లేష్ ఆమె చెయ్యి పట్టుకుని, "ఏందే ఆ మాటలు, అందరి ముందర" అన్నాడు.

"నీకు తెల్దా? మీ యమ్మకు తెల్దా? అందరికీ తెలుసు!" చెయ్యి విదిలించుకుని ఆమె జనం వైపు తిరిగి కన్నడంలో బతిమాలింది. పచ్చ గౌను, తడిసిన జుట్టు, పిలిస్తే పలకదు, కళ్ళతో వెతకండమ్మా, మీ కాళ్ళు మొక్కుతా.

అప్పుడు కదిలారు జనం. చిత్రాన్నం వదిలేసి లేచారు. మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది అమ్ముకునే ముసలామె గంప దించి ముందుకొచ్చింది. "పచ్చ గౌనా? చూశాను తల్లీ. నల్లరాళ్ళ దారిలో ఒక్కతే పోతుంటే కేకేశాను, నీళ్ళెక్కే వేళ, వెనక్కి రమ్మని. తిరిగైనా చూడలేదు. పొగరుబోతు పిల్ల అనుకుని ఊరుకున్నా" అని కన్నడంలోనే చెప్పి లెంపలు వేసుకుంది.

ఆ దారి తోపు దాటి, గుట్ట పక్కగా వంపు తిరిగి, సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ళ దగ్గర ఆగిపోతుంది. అంబిక చెప్పులు ఎక్కడ జారిపోయాయో చూసుకోలేదు. వంపు తిరిగేసరికి కనిపించింది పచ్చ గౌను. ఒడ్డుకు ముప్పై అడుగుల దూరంలో, ఒక రాయి మీద. మధ్యలో పిల్ల నడిచిపోయిన చోటంతా ఇప్పుడు నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

తల్లిని చూడగానే పిల్ల మొహం వెలిగింది. లేచి నిలబడి, దిగడానికి కాలు చాపింది.

"రావాకు!" అని అరిచింది అంబిక. పిల్ల ఇంకో కాలు కదిపింది.

సైగలు చేస్తే పిల్ల మాట నేర్చుకోదని యంకమ్మ తిట్టేది. అందుకే అంబిక కట్టెల చాటున, ఎవరూ లేనప్పుడు మాత్రమే బిడ్డతో చేతులతో మాట్లాడేది. ఇప్పుడు వెనక యాభై మంది నిలబడి చూస్తుండగా రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు కిందికి నొక్కింది. కూచో. మళ్ళీ నొక్కింది. పిడికిళ్ళు రెండూ గుండెకు అదుముకుంది. గట్టిగా పట్టుకో.

పిల్ల సందేహించింది. చాపిన కాలు వెనక్కి తీసుకుని, గొంతుక్కూర్చుని రాయిని కరుచుకుంది. మరుక్షణమే పెద్ద అల ఆమె మీదుగా పోయింది. అల వెనక్కి తీశాక పచ్చ గౌను ఇంకా అక్కడే ఉంది. అంబిక చేతులు దించలేదు.

యల్లేష్ ఈత రానివాడు, అయినా నీళ్ళలోకి దూకాడు. రొమ్ము లోతుకు పోయేసరికి అల అతన్ని రాళ్ళకేసి విసిరింది. పక్కీరప్ప చొక్కా పట్టుకుని ఈడ్చాడు. ఎవరో పరుగెత్తుకుపోయి పిలుచుకొచ్చిన ఇద్దరు బెస్తవాళ్ళు నడుముకు తాడు కట్టుకుని దిగారు. వాళ్ళు రాయిని చేరేలోపు ఇంకో రెండు అలలు పోయాయి. రెండుసార్లూ అంబిక పిడికిళ్ళు గుండెకు అదుముకుని చూపింది.

ఒకతను పిల్లను భుజం మీద వేసుకుని తెచ్చి దించాడు. అంబిక ముందు చెంప మీద ఒకటి కొట్టింది. తర్వాత బిడ్డను గుండెకు అదుముకుని, మాటలు రానిదానిలాగే మూలిగింది. పిల్ల మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. యల్లేష్ నెత్తురోడుతున్న మోచేతితోనే పక్కన కూలబడి, బిడ్డ కాలు తుడిచాడు. జేబులో తడిసిన ఫోను మోగలేక బుర్రుమంటోంది. అతను దాన్ని తీసి చూడలేదు.

"మా యమ్మకు ఏం చెప్దాం?" అని అడిగాడు.

"ఇనపడదని చెప్దాం" అంది అంబిక.

హులిగెమ్మ తల్లి చేతుల్లోంచి కొంచెం వెనక్కి జరిగింది. వెక్కిళ్ళు ఇంకా ఆగలేదు. రాళ్ళ వైపు చూపించి, రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి, చిటికెన వేళ్ళు మడిచి, మిగిలిన వేళ్ళు టకటకా ఆడిస్తూ గాలిలో అడ్డంగా నడిపించింది. ఎవరూ నేర్పని సైగ అది. అంబికకు అర్థం కావడానికి కాస్త పట్టింది. ఎండ్రకాయ. దాని వెంటే పోయింది పిల్ల.

అంబిక కళ్ళు తుడుచుకుని, తన చేతులు ముందుకు పెట్టి, వేళ్ళు అట్లాగే ఆడించి చూపింది. చిటికెన వేళ్ళు మడవలేదని హులిగెమ్మ పట్టుకుని సరిచేసింది.