జర అడ్జస్ట్ చేస్కో

కాలేజీలో మా ఇంగ్లీషు మేడం ఒక పని పెట్టింది. రోజూ వినే ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకుని, మన చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని ఎక్కడెక్కడ ఎలా వాడుతున్నారో విని రాసుకు రావాలట. నాకు వెతుక్కునే కష్టం లేకపోయింది. ఆ పొద్దున్నే మా నాయిన నా నెత్తిన ఒకటి పెట్టి డ్యూటీకి పోయాడు.

"ప్రతీక్ పెండ్లయితే మాళా వాళ్లకియ్యాలె సాక్షీ. నువ్వు నాలాసోపారల మేనత్త ఇంట్ల ఉండి చదువుకో. జర అడ్జస్ట్ చేస్కో."

ముంబై కామాటిపురలో మాది ఒక్కటే గది, బయట అందరికీ కలిపి గాలరీ అనే పొడుగు వరండా. అన్న ప్రతీక్‌తో కలిపి ఐదుగురం. గదిలో సగం మీదికి చెక్కలతో వేసిన అటకే ఈ మాళా. అందరి చదువూ అటకెక్కితే మూలపడుతుంది, నా చదువు మాత్రం అటక మీదే సాగింది. నిటారుగా కూర్చుంటే తల తగులుతుంది. అయినా నా పుస్తకాలూ నా లైటూ అక్కడే. మేనత్తకు ఇద్దరు చంటిపిల్లలు. పరీక్షల ముందు అక్కడికి పోతే వాళ్లను ఆడించడంతోనే నా పని అయిపోతుంది. నాకు ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

ఆ కోపంతోనే మాట వెంటపడ్డాను. ఫాక్‌లాండ్ రోడ్డు మీద దర్జీ కిష్టయ్య "జాకెట్ బిగుతయితే అడ్జస్ట్ చేస్త" అన్నాడు. కిరాణా సేఠ్ చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టి "అడ్జస్ట్ కర్ లో" అన్నాడు. పాలమూరు నుంచి కట్టుబడి పనికొచ్చిన ఆంజనేయులు, వాళ్ల గదిలో అంతమంది ఎలా పడుకుంటారని నేనడిగితే, "అందరం అడ్జస్ట్ అయితం గద" అని నవ్వాడు.

ఇవన్నీ మా నాయనమ్మ రత్నాబాయికి చెప్పాను. ఆమె ఆకు నమలడం ఆపేసింది.

"గా మాట ఇంగ్లీషా? మన మాటనే అనుకున్న."

"మరి అది రాకముందు ఏమనేటోళ్లు?"

"సర్దుకొమ్మనేటోళ్లు. జరుగుమనేటోళ్లు." కాసేపు ఆలోచించింది. "రెండు ఒకటేనా, కాదా?"

ఇక ఆ సందేహం ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. బియ్యం ఏరుతూ అదే, కూర తరుగుతూ అదే.

ఆదివారం మేనత్త ఇల్లు చూసొద్దామని ఇద్దరం గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలెక్కాం. ఆడవాళ్ల పెట్టెలో ముగ్గురు కూర్చునే సీటు నిండిపోయి ఉంది. నాయనమ్మ "జరా అడ్జస్ట్ కరో" అంది. కిటికీ పక్కనున్నామె కొంచెం, నడిమి ఆమె కొంచెం, చివరామె కొంచెం జరిగారు. నాయనమ్మ సగం గాలిలోనే అయినా కూర్చుంది. ముగ్గురినీ వరసగా చూసి, ఎదురుగా నిలబడ్డ నన్ను చూసింది.

"మనింట్ల ఈ మాట ఎవరినంటరే?"

గుర్తు చేసుకుంటే నాకే నవ్వొచ్చింది. "నన్ను. నాకంటె ముందు అమ్మను."

"గా మాట అనెటోడు తన గురించి ఎన్నడన్న అన్నడా?"

"ఎవ్వరనలే."

"గదే. వీళ్లది జరుగుడు. నీ ఒక్కదానితోని చేపిచ్చేది సర్దుకొనుడు. రెండు ఒకటి కాదే పిల్లా!" అంది, తప్పిపోయిన వస్తువు దొరికినంత సంబరంగా. అంధేరిలో దిగిపోదామంది. మేనత్త ఇల్లు చూడకుండానే వెనక్కి వచ్చేశాం.

సాయంత్రం అన్నం దగ్గర నాయిన మళ్లీ మొదలుపెట్టాడు. "మేనత్తకు ఫోన్ చేసిన. సాక్షి జర..."

నాయనమ్మ లేచి తన మంచం కోడు పట్టుకుంది. తాత పోయాక మనవళ్లను కూడా కూర్చోనివ్వని మంచమది. గదిలో చాలా చోటు అదే తింటుంది.

"ప్రతీక్, అటు పట్టు. గాలరీల ఎయ్యి. ఈడ సాక్షికి బల్ల వస్తది. పెండ్లయినంక మాళా మీకు. నేను, మీ అమ్మ, సాక్షి కింద పంటం. తొమ్మిది గాంగనే టీవీ బంద్."

నాయిన బిత్తరపోయాడు. "గాలరీల నువ్వు పండవా? మరి మంచమెందుకు?"

"నీకు. మంచం నాదే గని గాలరీల పండేది నువ్వు. తలా ఇంత జరుగుతున్నం గంగారాం. నువ్వు గూడ జరుగు."

అమ్మ మొహం తిప్పుకుంది. భుజాలు ఊగుతుంటే నవ్వుతోందని తెలిసిపోయింది. నాయిన ఎవరన్నా తనవైపు మాట్లాడతారేమోనని అందరినీ చూశాడు. చివరికి దిండు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

నేను మంచం తీసిన చోట చిన్న బల్ల వేసుకుని పుస్తకం తెరిచాను. చెవులు మాత్రం గాలరీలోనే ఉన్నాయి. పక్కగది రాజలింగం మామ గొంతు వినిపించింది.

"ఏం గంగారాం, బయట పన్నవ్? ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన్రా?"

మంచం కిర్రుమంది.

"పిల్లకు పరీక్షలున్నయి గదన్నా. నేనే జర అడ్జస్ట్ అయిన."

ఆ మాట నాయిన తన గురించి అనగా వినడం నాకదే మొదలు. కళ్లు తుడుచుకుని, మేడంకి ఇవ్వాల్సినవాటిలో దాన్నే అన్నిటికన్నా ముందు రాసుకున్నాను.